స్వాగత పత్రంలో ఏడో సూచన

మొన్న ఆదివారం పొద్దున కాఫీకి పాలు పెట్టి నిలబడ్డానో లేదో, కెనడాలో మా హాలిఫాక్స్ తెలుగు సంఘానికి ఈ ఏడు అధ్యక్షుడైన కుర్రాడు ఫోన్ చేశాడు. కుర్రాడంటే నలభై దాటినవాడే, నాకు కుర్రాడు. ఊళ్ళో అద్దెలు పెరిగినా, బస్సులో సీటు దొరకకపోయినా, డాక్టరు దగ్గర వరస పెరిగినా తప్పంతా మన స్టూడెంట్లదే అంటున్నారనీ, బస్‌స్టాపుల్లో పిల్లల్ని మొహం మీదే తిడుతున్నారనీ చెప్పి చాలా బాధపడ్డాడు. తరువాత అసలు సంగతికి వచ్చాడు. “ఆంటీ, మీకు ఆ బ్లాక్ కమ్యూనిటీ రేడియో వాళ్ళు బాగా క్లోజ్ అటగా, మనవాళ్ళ మీద ఓ ప్రోగ్రామ్ చేయమని కొంచెం రిక్వెస్ట్ చేయరూ,” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ అబ్బాయి ఈ ఊరు వచ్చి రెండేళ్ళే అయింది, జరిగినదేమీ తెలియదు, అతని మీద అరిచి లాభం లేదని తెలిసి కూడా అరిచాను. ఆ రేడియో ఉంటే కదా నాయనా అడగడానికి, అని ఫోన్ పెట్టేసి చూస్తే పాలన్నీ పొంగి పొయ్యి మీద పారుతున్నాయి.

పొయ్యి తుడుస్తున్నంతసేపూ ఆ రోజులే కళ్ళముందు తిరిగాయి. మీలో చాలామంది నాలాగే ఎప్పుడో వచ్చి, ఇక్కడే ఉద్యోగాలు చేసి, ఇక్కడే రిటైరైనవాళ్ళు కాబట్టి మీకు గుర్తుండే ఉంటుంది. మనం వచ్చిన కొత్తల్లో వీధిలో ఒక తెలుగు మాట వినపడితే వెనక్కి తిరిగి చూసేవాళ్ళం, అలాంటిది ఒక్కసారిగా విమానాలకు విమానాలు పిల్లలు దిగడం మొదలైంది. వాళ్ళకు కాలేజీలో సీటుంది, పర్మిట్ ఉంది, రెండు సూట్‌కేసుల నిండా పచ్చళ్ళున్నాయి, తల దాచుకోవడానికి గది మాత్రం లేదు. ఫోన్‌లో గది ఖాళీగా ఉందని చెప్పిన ఇంటాయనే పేరు వినగానే ఇప్పుడే ఇచ్చేశామనేవాడు. కిటికీ లేని బేస్‌మెంట్‌లో ఆరుగురు పడుకున్న ఇళ్ళు నేను కళ్ళారా చూశాను.

అలా పిల్లలు దిగుతున్న ఏడాది ఆగస్టు చివరలో మా చెల్లెలి మనవరాలు వచ్చింది. నాకూ మావారికీ అది మనవరాలే, మా ఇంట్లోనే ఉండమన్నాం. కాని మేముండేది రేవుకు అవతలి గట్టున, బస్సు గంటకొకటి వచ్చే చోట. అది పొద్దున్నే క్లాసు అందుకోవాలంటే రెండు బస్సులూ ఒక ఫెర్రీ మారాలి. మూడు వారాలు పిల్ల పడిన అవస్థ చూసి, కాలేజీకి దగ్గరలో గది వెతకడానికి శనివారం దాన్ని కారులో ఎక్కించుకుని ఊరంతా తిప్పాను. నాలుగో ఇంటివాళ్ళు కూడా లేదన్నాక పిల్ల ఏడుపు ఆపుకోవడానికి కారు రేడియో నాబ్ తిప్పుతూ కూర్చుంది. అలా తిప్పుతుంటే దొరికింది ఆ స్టేషన్. వాయిద్యాలు లేకుండా, ఉత్త చప్పట్లతో పెద్దవయసు ఆడవాళ్ళు పాడుతున్నారు, మన భజనలో లాగా ఒకరు అందిస్తుంటే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. పాట అవగానే ఒక బొంగురు గొంతు, “ఇప్పుడు గదుల కబురు,” అని మొదలుపెట్టింది. ఫలానా వీధిలో రిటైరైన టీచరమ్మ దగ్గర పై గది ఖాళీ, వంటింట్లో వండుకోవచ్చు, పిల్లి ఉంది, ఇష్టం లేనివాళ్ళు రావద్దు. నేను బండి పక్కకు తీసి ఆపేశాను.

వాళ్ళు చెప్పిన అడ్రసు పట్టుకుని అటే పోనిచ్చాను. స్టేషనంటే ఊరికి ఉత్తరాన ఒక పాత కమ్యూనిటీ హాల్లో కింది గది. కప్పు మీద ఒక ఏరియల్, లోపల రెండు మైకులు, గోడలకు కొట్టిన పాత దుప్పట్లు. ఆ బొంగురు గొంతు ఎన్నో ఏళ్ళు స్కూల్ బస్సు నడిపి రిటైరైన ఆవిడది, తరువాత మన పిల్లలంతా ఆవిడను రేడియో ఆంటీ అన్నారు. వాళ్ళు రెండు వందల ఏళ్ళకు పైగా ఈ నేల మీద ఉన్న నల్లవాళ్ళు. నిన్నగాక మొన్న వచ్చిన మనల్ని అడిగినట్టే వాళ్ళనూ మీది ఏ దేశమని ఈనాటికీ అడుగుతారట. వేరే ఏ స్టేషనూ వేయని వాళ్ళ పిల్లల ర్యాప్ పాటలు, చర్చి పాటలు, కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నర్సులు పంపిన రికార్డులు, ఇళ్ళు పోగొట్టుకున్న ముసలివాళ్ళ మాటలు, ఇవన్నీ ఆ గదిలోంచే వెళ్ళేవి. ఆ గదికి ఒకటే నియమం, అక్కడ ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి. గది కావలసిన పిల్ల స్వయంగా మైకు ముందు కూర్చుని తన పూర్తి పేరు చెప్పి, తన గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేను పెద్దరికంగా మనవరాలి తరఫున మాట్లాడబోతే రేడియో ఆంటీ చేత్తోనే ఆపేసింది. పిల్ల తనే చెప్పుకుంది. ఊరికి వేళ తెలియడానికి రోజూ పన్నెండింటికి కొండ మీది కోటలో పేల్చే ఫిరంగి మోగే లోపల రెండు ఫోన్లు వచ్చాయి, పిల్లి ఉన్న టీచరమ్మ ఇంట్లో గది కుదిరింది. ఆ టీచరమ్మ రేడియో ఆంటీకి సొంత అక్క.

ఆ సాయంత్రమే ఇండియా నుంచి పిల్ల తల్లి ఫోన్, ఒకటే ఏడుపు. “పెద్దమ్మా, ఆ వీధిలో ఎలా దింపావు దాన్ని? మీ సంఘం వాళ్ళు పంపిన కాగితంలో ఆ వీధి అసలు వద్దని రాసుంది కదా!” అంది. సంఘం వాళ్ళు కొత్తవాళ్ళకు పంపే స్వాగత పత్రం అది, వాట్సాప్‌లో తిరిగి తిరిగి మా ఊళ్ళో మా చెల్లెలి ఇంటిదాకా వెళ్ళింది. నాకు కూడా పంపింది, చదివాను. బ్యాంకు ఖాతా, బూట్లు, బస్సు పాస్ అన్నీ అయ్యాక ఏడో సూచన: “ఈ కింది నాలుగు వీధుల్లో ఎట్టి పరిస్థితుల్లోనూ ఇల్లు తీసుకోరాదు, మన కుటుంబాలకు తగిన పరిసరాలు కావు.” ఎవరు రాశారండీ ఇంత పొగరుగా, ఏ రోజైనా ఆ వీధుల్లో కాలు పెట్టిన మొహమేనా అది, అని మీరు అడగవచ్చు. చెబుతాను. రాసింది నేనే. ఇరవై ఏళ్ళ కిందట సంఘం వాళ్ళు అడిగితే, నేను పనిచేసిన ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో భోజనాల వేళ తోటివాళ్ళు చెప్పుకునే మాటలు విని, ఒక్కసారి కూడా అటు వెళ్ళకుండా, నా చేతులతో నేను రాసి ఇచ్చిన వాక్యం. ఎట్టి పరిస్థితుల్లోనూ అన్న మాట నాదే, ఆ రోజుల్లో నాకు ఆ మాట ఇష్టం.

అది రాసింది నేనేనని తల్లితో ఒప్పుకుని, ఏదో సర్దిచెప్పాను. కాని రేడియో ఆంటీతో ఆ మాట చెప్పలేదు. సిగ్గుపడ్డానని చెప్పుకోవచ్చు, పిరికితనమన్నదే నిజం. దానికి బదులు ప్రతి శనివారం వెళ్ళి టీ పెట్టడం, మన పిల్లల పొడుగాటి పేర్లు ఆవిడకు పలికి చూపించడం పనిగా పెట్టుకున్నాను. ఒక్కో పేరు నాలుగైదు సార్లు అనుకుని గానీ ఆవిడ మైకు ఆన్ చేసేది కాదు. మన పిల్లలే కాఫీ కొట్లో పని కోసం పేర్లు సగానికి కోసుకుంటే, ఆవిడ ఇంటిపేరుతో సహా పలికేది. ఆ చలికాలంలో ఎంతమంది పిల్లలు ఆ మైకు ముందు కూర్చుని గదులు సంపాదించుకున్నారో! మనవరాలు టీచరమ్మకు పులిహోర చేసి పెడితే, ఆవిడ దీనికి మంచులో జారకుండా నడవడం నేర్పింది. పిల్ల తల్లి కూడా వీడియోలో టీచరమ్మతో మాట్లాడుతూ మాట్లాడుతూ మెత్తబడిపోయింది.

చలికాలం చివర్లో ఆ హాలు ట్రస్టు వాళ్ళు గది ఖాళీ చేయమన్నారు. ఊరందరికీ పనికివచ్చే స్టేషనని ఊళ్ళోని సంఘాలన్నీ జూన్ లోపల ఉత్తరాలిస్తే ఉంచుతారట, లేకపోతే గదీ పోతుంది, ఏరియలూ దించాలి. ఇన్ని నెలల్లో రేడియో ఆంటీ మన నుంచి కోరింది ఒక్కటే, తెలుగు సంఘం నుంచి ఒక పేజీ ఉత్తరం. దాని భాగ్యమెంత, ఉగాది అవగానే తెస్తానని మాటిచ్చాను. ఉగాది సభకు మూడు వారాల ముందు నుంచీ ఆవిడ రేడియోలో రోజూ చెప్పింది. సభకు అక్కతో కలిసి నీలం టోపీ పెట్టుకుని వచ్చి రెండో వరసలో కూర్చుంటే, మనవాళ్ళలోనే ఒకావిడ వచ్చి, ఈ వరస ఫ్యామిలీస్‌కండీ, వెనక్కి వెళ్ళండి అంది. వాళ్ళు లేచి వెళ్ళారు. వేదిక మీద శాలువాలు ఇళ్ళమ్మే ఏజెంటుకు కప్పారు, వీసా కన్సల్టెంటుకు కప్పారు, బిర్యానీ వండినాయనకు కప్పారు, ఇచ్చిన జాబితాలో నేను రాసిన రేడియో ఆంటీ పేరు మాత్రం టైము లేదని ఎగిరిపోయింది. నేనైనా లేచి అడగాలి కదా! పాయసం గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

తరువాతి వారం కమిటీ మీటింగులో ఉత్తరం సంగతి ఎత్తాను. అప్పటి అధ్యక్షుడు చాలా మర్యాదగా, “ఆంటీ, వాళ్ళ ఇష్యూస్ వేరు, మన ఇష్యూస్ వేరు. అయినా మన గైడ్‌లోనే ఆ ఏరియా వద్దని రాశాం కదా, ఇప్పుడు ఆ ఏరియా రేడియోకి లెటర్ ఇస్తే పేరెంట్స్‌కి రాంగ్ మెసేజ్ వెళ్తుంది,” అన్నాడు. అందరూ తలలూపారు. ఎవరి పిల్లలకు గదులు దొరికాయో వాళ్ళ బంధువులు కూడా తలూపారు. నా వాక్యమే నా ఎదుట నిలబడి తలుపు మూసింది. అది తప్పుడు రాత అనీ, రాసింది నేనేననీ, ముందు దాన్ని తీసేయమనీ బల్ల గుద్ది అరిస్తే, సరే ఆంటీ తీసేద్దాం, మీరు బీపీ పెంచుకోకండి అన్నారు. ఉత్తరం మాత్రం ఇవ్వలేదు.

ఆ శనివారం వెళ్ళి రేడియో ఆంటీతో మొదట ఉత్తరం రాదని చెప్పాను, తరువాత ఏడో సూచన గురించి చెప్పాను. ఆవిడ రికార్డు తుడుస్తూ విన్నది. తెలుసు, అంది. మనవరాలు గదిలో దిగిన మొదటి వారమే ఆ కాగితం వాళ్ళ అక్కకు చదివి చెప్పిందట. రాసింది ఎవరో కూడా తల్లి దగ్గర విని చెప్పేసిందట. “నువ్వెప్పుడు చెబుతావా అని చూస్తున్నాను. ఏడు నెలలు పట్టింది నీకు,” అంది. ఫర్వాలేదు అనలేదు. క్షమించాననీ అనలేదు. మైకు నా వైపు తిప్పి, “నాకెందుకు చెబుతావు? ఆ వీధుల్లో ఉన్నవాళ్ళకు చెప్పు,” అంది. చెప్పాను. నా పూర్తి పేరు ఇంటిపేరుతో సహా చెప్పి, ఆ వాక్యం చదివి, అది అబద్ధమని, రాసినందుకు సిగ్గుపడుతున్నానని చెప్పాను. ఆవిడ ఆ చప్పట్ల పాట వేసి, టీ నువ్వు పెడతావా నేను పెట్టుకోనా, అని అడిగింది. మర్నాటి నుంచి సంఘంలో సగంమంది నేను మన పరువు తీశానని నాతో మాట్లాడటం మానేశారు. మానేస్తే మానేశారు.

మనవరాలు వాళ్ళ కాలేజీలో తిరిగి పిల్లల చేత సొంతంగా ఉత్తరాలు రాయించింది. చాలామంది, సంతకం పెడితే రేపు ఇక్కడ స్థిరపడటానికి ఇచ్చే పీఆర్‌కి ఏమైనా ప్రాబ్లమ్ అవుతుందేమో అని వెనక్కి తగ్గారు. పదకొండు మంది రాశారు, నాది పన్నెండోది. ట్రస్టు వాళ్ళకు కావలసింది సంఘాల ఉత్తరాలు, అవి చాలలేదన్నారు. ఆ శరదృతువులో నిచ్చెన వేసి ఏరియల్ దించుతుంటే రేడియో ఆంటీ చేతులు కట్టుకుని కింద నిలబడింది. నేను పక్కన నిలబడ్డాను. నా వైపు తిరిగి, “చూడు, బాగా చూడు,” అన్నది ఒక్కటే.

ఇప్పుడా గదిలో యోగా క్లాసులు నడుస్తున్నాయి, తలుపు మీద నమస్తే అని పెద్ద అక్షరాలతో రాశారు. ఆ నాలుగు వీధుల్లో పాత ఇళ్ళు కొట్టి గాజు మేడలు కట్టారు, అద్దెలు భరించలేక టీచరమ్మ పిల్లితో సహా దూరపు ఊరికి వెళ్ళిపోయింది, రేడియో ఆంటీ కూడా అక్క దగ్గరికే చేరింది. నేను పండక్కీ పబ్బానికీ ఫోన్ చేస్తాను, ఆవిడ ఎత్తుతుంది, ముక్తసరిగా మాట్లాడుతుంది. మనవరాలికి ఉద్యోగం వచ్చి మాంట్రియల్‌లో ఉంది. పిల్లలు రావడం తగ్గింది, వచ్చినవాళ్ళను ఊరు తిడుతోంది, తిట్టినప్పుడు మన పేరుతో మనం బదులు చెప్పుకునే మైకు లేదు. ఒక్క పేజీ కాగితం రాయలేనివాళ్ళం ఇప్పుడు గొంతు కావాలని ఊరంతా వెతుకుతున్నాం.

పొయ్యి తుడవడం పూర్తయ్యేసరికి ఫోన్ మోగింది. అధ్యక్షుడు పాపం నొచ్చుకోకుండా, సారీ ఆంటీ అని రాసి, ఈ ఏటి స్వాగత పత్రం కొత్తగా తయారుచేశాం, మీరు పెద్దవారు, ఒకసారి చూసి తప్పులుంటే దిద్దండి అని పంపించాడు. పైన లైట్‌హౌస్ రంగుల బొమ్మ వేశారు, అక్షరాలు మార్చారు, బస్సు పాస్‌కు యాప్ వచ్చిందని చేర్చారు. అద్దాలు పెట్టుకుని ఒక్కో సూచనే చదువుకుంటూ కిందికి వచ్చాను. ఏడోది అలాగే ఉంది. ఎట్టి పరిస్థితుల్లోనూ, అన్న నా మాటతో సహా.