సీరియల్లో లేని పాప

విజిలక్క ఇరవై రెండేళ్ళ కండక్టరు ఉద్యోగంలో జ్వరమని సెలవు పెట్టింది మూడుసార్లే. ఆ బస్సులో ఆమె మాటే తీర్పు. కిటికీ సీటు ముందు ఎవరు చూశారన్నా, ఎవరి కాలు ఎవరు తొక్కారన్నా, ఒక్క చూపులో తేల్చేసి "రైట్ రైట్" అనేది. తేల్చిన తగాదాను మళ్ళీ తెరిచిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆ గర్వం ఆమెకు కాస్త ఎక్కువే. ఉంటే తప్పేమిటి? ఊరికే రాలేదుగా!

పొద్దున్నా సాయంత్రమూ డ్యూటీయే కాబట్టి సీరియల్ చూసే యోగం ఆమెకు లేదు. ఆ లోటు తీర్చింది కళ్ళద్దాల షాపులో పనిచేసే ఓ అమ్మాయి. మూడు నెలలుగా పొద్దున్నే ఎక్కి, కండక్టరు సీటు పక్కనే కూర్చుని, ముందురోజు భాగం పూసగుచ్చినట్టు చెప్పేది. పాలరాతి మెట్ల మేడ, ఆ మేడలో చిన్నకోడలు, ఆవిడ పెంచుకుంటున్న ఐదేళ్ళ పాప. ఆ పాప చిన్నకోడలి అక్క కూతురు. ఉద్యోగం కోసం దూరం పోతూ, మూడు నెలల గుడ్డును అక్క చెల్లెలి చేతిలో పెట్టి వెళ్ళింది. ఆ పాపకు బట్టల అంచుల్లో దారాలు పీకి వేలికి చుట్టుకుంటే గాని నిద్ర పట్టదట. మెట్లు ఎక్కేటప్పుడు లెక్కపెడుతూ, ఏడు తరవాత ఎప్పుడూ తొమ్మిదే అంటుందట.

బుధవారంనాడు ఆ అమ్మాయి అడిగింది. "అక్కా, శుక్రవారం రాత్రికి కన్నతల్లి వస్తోంది, పాపను తీసుకుపోవడానికి. చిన్నకోడలు ఏం చెయ్యాలంటారు?"

"చేసేదేముంది? ఎవరి బిడ్డ వాళ్ళకి ఇచ్చెయ్యడమే! కన్నదానికి లేని హక్కు మధ్యలో ఈవిడకెక్కడిది? రైట్ రైట్!"

బస్సంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు. దిగవలసిన స్టాపుకన్నా ఒక స్టాపు ముందే దిగిపోయింది. విజిలక్క పట్టించుకోలేదు.

గురువారం ఒళ్ళు పెనంలా కాలింది. కింది వాటాలో ఉండే ఆడపడుచు బ్రెడ్డూ పాలూ పట్టుకొచ్చి, టీవీ మీద పరీక్ష రాసి పాసైనంత పరిజ్ఞానంతో రిమోట్ అందుకుంది.

"ఏం చూస్తావొదినా?"

"ఆ మేడ సీరియల్ పెట్టు. మొదట్నుంచీ."

"అరవై భాగాలు! నీ జ్వరం తగ్గి నాకు పట్టుకుంటుంది."

"దాటించు."

"సరే. ఏడుపులూ, మెట్లు దిగడాలూ తీసేస్తే భాగం ఎనిమిది నిమిషాలకొస్తుంది. సాయంత్రానికి తేల్చేద్దాం."

తేల్చారు. మేడ ఉంది, పాలరాతి మెట్లున్నాయి. చిన్నకోడలుంది. అరవై భాగాలూ ఆవిడ పోయిన తాళంచెవుల గుత్తి కోసం ఏడుస్తూనే ఉంది. విజిలక్క దుప్పటి కప్పుకుని, పాప ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని కళ్ళు పత్తికాయల్లా చేసుకుని చూసింది. పొద్దు వాలింది. రాలేదు.

"పాపేదే?"

"ఏ పాప?"

"చిన్నకోడలు పెంచుకునే పాప. అక్క కూతురు."

"జ్వరం నెత్తికెక్కిందా ఏమిటి? ఆ మేడలో పిల్లిపిల్ల కూడా లేదొదినా! ఒక్క భాగం వదలకుండా చూశాను, నాకు తెలీదా?"

విజిలక్క లేచి కూర్చుంది. ఆ అమ్మాయి కుర్తా కళ్ళ ముందుకొచ్చింది. మంచి కుర్తాయే, కాని చేతుల అంచులు రెండూ దారాలు లేక వేలాడుతుండేవి. ఇస్త్రీ చేసుకొచ్చిన పిల్ల అంచు కుట్టించుకోదేమని ఒకటి రెండుసార్లు మనసులో వెక్కిరించింది కూడా.

పాప ఉన్నది ఆ పిల్ల ఇంట్లో! ఎక్కడిదా గుండె! ఎవరికీ చెప్పుకోలేని బాధను, ఊరంతా చూసే మేడలో, పట్టుచీరల మధ్య, అందరి ముందూ మూడు నెలలు నడిపించింది. దారాలు పీకించింది, మెట్లు లెక్కపెట్టించింది. డబ్బులు పోసి తీసినవాళ్ళ అరవై భాగాల్లో లేని ప్రాణం, ఆ పిల్ల నలభై నిమిషాల బస్సు ప్రయాణంలో ఉంది. అంతటి కథకు తనిచ్చిందేమిటి? సీటు తగాదాకిచ్చే తీర్పు.

"రేపు శుక్రవారం కదూ?" అంది విజిలక్క.

"అయితే?"

"డ్యూటీకి పోవాలి."

"ఇంత జ్వరంతోనా! అన్నయ్యకి చెప్తానుండు."

"మీ అన్నయ్యకి చెప్తే బస్సాయన నడుపుతాడా, టికెట్లాయన కొడతాడా? మాత్ర ఇలా ఇచ్చి పో."

శుక్రవారం పొద్దున ఆ అమ్మాయి ఎక్కింది గాని, వెనక సీటుకు పోబోయింది. చేతిలో కొత్త సంచి, లోపల చిన్న గౌన్లు. విజిలక్క పక్క సీటు మీద చెయ్యి వేసి పిలిచింది.

"నిన్న సీరియల్ చూశానమ్మాయ్. అరవై భాగాలూ."

ఆ అమ్మాయి కూర్చుని, సంచి మూతి గుప్పిట్లో బిగించింది.

"బుధవారం నేను చెప్పింది తప్పు," అంది విజిలక్క, చుట్టుపక్కలవాళ్ళకి వినపడేలాగే. నవ్వినవాళ్ళు ఇదీ వినాలి కదా! "నేను టికెట్ కొట్టేముందు ఎక్కడ దిగుతావని అడుగుతాను. ఆ పాపను ఎవరైనా అడిగారా? సంచి సర్దే తొందరెందుకు? వాళ్ళక్కను నాలుగు రోజులు ఇంట్లోనే ఉండమను. పాప పక్కన పడుకోమను. ఆవిడ బట్టల దారాలు కూడా కొన్ని ఊడనీ."

ఆ అమ్మాయి సంచిని సీటు కిందికి తోసింది. "ఆ చిన్నకోడలితో చెప్తానక్కా," అని, తన స్టాపులోనే దిగింది.

శని, ఆదివారాలు విజిలక్కకు జ్వరం పోయింది గాని నిద్ర లేదు.

సోమవారం పొద్దున స్టాపులో ముగ్గురున్నారు. కళ్ళద్దాల షాపు అమ్మాయి, అదే ముక్కుతో ఆమెకన్నా పెద్దావిడ, మధ్యలో చెరో చెయ్యీ పట్టుకుని ఒక పాప. పెద్దావిడ చీర కొంగు అంచు అప్పుడే కాస్త పీచుపీచుగా ఉంది. పాప బస్సు మెట్లెక్కుతూ "ఒకటి, రెండు, మూడు" అంది. పాపం, ఏడు దాకా రాకుండానే మెట్లు అయిపోయాయి.

పాప పక్క సీటెక్కి కూర్చుని, అడక్కుండానే విజిలక్క ఖాకీ చొక్కా చేతి అంచులో దారం కొస వెతుక్కుంది. మూడు నెలలు చెవులతో చూసిన పిల్ల! విజిలక్క చెయ్యి కదపలేదు. గొంతు సవరించుకుని, ఎంతో మర్యాదగా అడిగింది.

"ఎక్కడ దిగుతావమ్మా?"

పాప అటూ ఇటూ ఉన్న ఇద్దరినీ చూసి, ఈ ముసలిదానికి ఏమీ తెలియదన్నట్టు పెదవి విరిచింది.

"ఇప్పుడే కదా ఎక్కాను!"

విజిలక్క విజిల్ ఊదింది.