ప్రాపుల్లేని పరదా

మొన్న పొద్దున మా మనవరాలు ఫోన్ తెచ్చి నా ముక్కు ముందర పెట్టింది. మా బామ్మర్ది బ్యాండువాళ్లు ఇన్నేళ్లకు మళ్లీ ఒకసారి గోదావరిఖనిలో కలిసి వాయించబోతున్నారట, దానికి వాళ్ల పిల్లలెవరో కంప్యూటరుకు చెప్పి అరనిమిషంలో ఒక పోస్టరు వేయించి అందరికీ పంపారట. బొగ్గుబాయి లోపల నలుగురు పడుచువాళ్లు గిటార్లు పట్టుకుని నిలబడ్డారు, తలల మీద టోపీ లైట్లు వెలుగుతున్నాయి, బొగ్గు గోడలు తళతళ మెరుస్తున్నాయి, కింద జనం పెట్టిన ఎర్రటి గుండె గుర్తులు బోలెడు. కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. చూసిన కొద్దీ ఒళ్లు మండింది. అంత పెద్ద కప్పు కింద ఒక్కటంటే ఒక్క ప్రాపు లేదు. బాయి ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను, తవ్విన చోట పైకప్పు కూలకుండా నిలబెట్టే కర్ర మొద్దును మా దగ్గర ప్రాపు అంటారు. అది లేని చోట బుద్ధి ఉన్న కార్మికుడెవడూ అడుగు పెట్టడు. ఇదే మాట పోస్టరు కింద రాసి పంపమంటే, బొమ్మే కదా తాతా, ఎవరి మీద పడుతుంది అని నవ్వి వెళ్లిపోయింది మనవరాలు. కాసేపు కోపంగానే కూర్చున్నాను కానీ తర్వాత సిగ్గు వేసింది. ఎందుకంటే మా గనుల దిక్కు ఈ తప్పు మొదట చేసినవాణ్ని నేనే.

నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ని. బాయి మీద, అంటే నేల పైన, రంగులు వేసే పని దొరికింది. తలుపులకూ కిటికీలకూ రంగు పూస్తూ ఉండగా, బోర్డులు రాసే పెద్దాయన రిటైరైతే ఆ కుంచె నా చేతికి వచ్చింది. నేను అక్షరాలు నేర్చుకున్నది పలక మీద కాదు, ఆ బోర్డుల మీద. మొదట్లో ప్రతి అక్షరమూ నాకు ఒక బొమ్మే, దాని వంపు చూసి వేసేవాణ్ని, అది ఏమంటుందో చాలా కాలానికి గానీ తెలిసి రాలేదు. చదువు రాని కార్మికుల కోసం మాట పక్కన బొమ్మ కూడా వేయాలి కాబట్టి బొమ్మలూ అట్లాగే చేతికి వచ్చాయి. ఎవరూ నేర్పలేదని గర్వంగా చెబుతున్నానని అనుకోవద్దు, నేర్పేవాడు దొరికితే నేర్చుకోకపోయేవాణ్నా? దొరకలేదు, అంతే.

మా బామ్మర్ది మాత్రం బాయి దిగి బొగ్గు నింపే పని చేసేవాడు. పొద్దంతా తట్ట మోసి, ఇంటికొచ్చి స్నానం చేసి, ఎలక్ట్రిక్ గిటారు ఒళ్లో పెట్టుకునేవాడు. ముగ్గురు దోస్తులను పోగేసి, మా క్వార్టరు వెనక రేకుల షెడ్డులో రాక్ బ్యాండు అని మొదలుపెట్టాడు. మా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బ్యాండు అంటే పెళ్లి బ్యాండే. మా వాడకట్టులో ఒకాయన తన బిడ్డ బరాత్‌కు వస్తారా అని అడగనే అడిగాడు, వస్తామని వీళ్లు వెళ్లనే వెళ్లారు, గుర్రం బెదిరి పెళ్లికొడుకును వేసుకుని బస్టాండు దాకా పరుగెత్తింది. నాకు ఇంగ్లీషు పాట తెలియదు, తాళం తెలియదు. కానీ షిఫ్టు దిగి వచ్చిన నలుగురు పిల్లలు, గోళ్ల సందుల్లో బొగ్గు ఇంకా పోనేలేదు, కళ్లు మూసుకుని వాయిస్తూ ఉంటే ఛాతీలో ఏదో కదిలేది. అప్పటి నుంచీ వాళ్ల డ్రమ్ము ముఖం మీద బొమ్మ నాది, గిటారు మీద గీతలు నావి, గోడలకు అంటించే కాగితాలు నావి. ఒక్క పైసా అడగలేదు, వాళ్లు ఇస్తామనీ అనలేదు, మా ఇద్దరికీ అది గుర్తే రాలేదు.

అప్పుడు క్లబ్బు మైదానంలో పెద్ద ప్రోగ్రాం ఒప్పుకున్నారు. అది బాగా జరిగితే కరీంనగర్‌లో క్యాసెట్లు వేసే ఒకాయన వాళ్ల పాటలు క్యాసెట్టుగా తెస్తానన్నాడు, వేదిక మీద వెనక కట్టే పరదా బొమ్మనే క్యాసెట్టు అట్ట మీద వేస్తానన్నాడు. ఇక్కడే మెలిక పడింది. జ్యోతినగర్‌లో డిప్లొమా చదివిన ఆర్టిస్టు ఒకాయన ఉన్నాడు, అతని చేత వేయిద్దామని బ్యాండులో ఇద్దరికి అనిపించింది. పరదాకు డిప్లొమా కాయితం కావాలా కుంచె కావాలా అని నేను వాళ్లతో పెద్ద రగడే పెట్టుకున్నాను. చివరికి మా బామ్మర్ది ఒక్క మాట అన్నాడు, "బావా, నువ్వే ఎయ్యి. గని తేడా వస్తె మల్ల నేను వాళ్లకు చెప్పలేను." ఆ పది రోజులూ నాకు సరిగ్గా అన్నం సయించలేదు.

బాయిలో గాలిని దారి మళ్లించడానికి ముతక గుడ్డ కడతారు. చిరిగి పక్కన పడేసిన ముక్కలు ఆఫీసరును అడిగి తెచ్చాను. అవి కుట్టడానికి మూడు సూదులు విరిగాయని నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది. నేను అంతవరకు బాయి దిగినవాణ్ని కాదు. లోపల వెలుగు ఎట్లా పడుతుందో, బొగ్గు ఎక్కడ మెరుస్తుందో, చీకటి ఏ రంగులో ఉంటుందో అన్నీ మా బామ్మర్దిని అడిగి వేశాను. ప్రాపుల సంగతి అతను చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటి గోడల గురించి ఎవరైనా ప్రత్యేకంగా చెబుతారా? పెద్ద గుహలాంటి కప్పు వేసి, దాని కింద నలుగురినీ వాయిస్తూ నిలబెట్టాను. ముఖాలు ఎంత బాగా కుదిరాయంటే డ్రమ్ము వాయించే పిల్లవాడి అమ్మ వచ్చి పరదా మీద కొడుకు చెంప తడిమి చూసుకుంది.

ప్రోగ్రాం నాడు మొదటి షిఫ్టు వాళ్లంతా ఇళ్లకు పోయి, బువ్వ తిని, పిల్లలను చంకన వేసుకుని వచ్చారు. ఎండ ఇంకా తగ్గలేదు. పరదా దించగానే జనం చప్పట్లు కొట్టారు, నేను వెనక నిలబడి చొక్కా గుండీలు సవరించుకున్నాను. మొదటి పాట సగంలో ఉండగా ముందు వరుసలో ఒక ముసలాయన లేచి చెయ్యెత్తాడు. ఆయన టింబర్‌మన్, అంటే బాయిలో ప్రాపులు నిలబెట్టేవాడు. మా వాడకట్టులో అందరికీ కాక, అంటే చిన్నాయన. ఆయన చెయ్యెత్తితే బాయిలో ఎక్కడి పని అక్కడ ఆగుతుంది, ఆ అలవాటుతోనే పిల్లలు వాయించడం ఆపేశారు.

"ప్రాపు ఏది?" అన్నాడు కాక. "గంత కప్పు కింద పోరగాళ్లను నిలవెట్టిండ్రు, ఒక్క ప్రాపన్న లేదేంది?"

జనంలో నవ్వులు లేచాయి. వెనక నుంచి ఎవరో, "ఆర్టిస్టన్నా, బోర్డు రాసుడే గని సదువుడు లేదా?" అన్నారు. అది నిజంగా గుచ్చుకుంది. ప్రాపు లేని కప్పు కిందికి పోరాదని ఊళ్లో ఉన్న ప్రతి బాయి మీదా రాసింది నా ఈ చెయ్యే. డిప్లొమా ఆర్టిస్టు కూడా ఆ జనంలోనే ఉన్నాడు. క్యాసెట్ల ఆయన వాచీ చూసుకుంటున్నాడు. బొమ్మే కదా కాకా, ఎవరి మీద పడుతుంది అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ కాక ముఖం చూశాను. ఆయన నవ్వడం లేదు, తిట్టడం లేదు. కళ్లు పరదా మీది కప్పు మీదే ఉన్నాయి, ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు. కప్పు కూలి ఆయన తమ్ముడు పోయిన సంగతి అప్పుడు యాదికొచ్చింది. మాట మింగేశాను.

పరదా విప్పేద్దామని బ్యాండులో ఒకరు గొణిగారు. మా బామ్మర్ది మైకు దగ్గరికి వచ్చి, "కాకా, తప్పైంది. మా బావ కుంచె తెస్తడు. యాడ నిలవెట్టాల్నో నువ్వు చెప్పు," అన్నాడు.

సైకిలుకు కట్టి ఉన్న రంగు డబ్బాలు తీసుకుని వేదిక ఎక్కాను. వాళ్లు నెమ్మదిగా వాయిస్తున్నారు, కాక కింద నిలబడి కర్రతో చూపిస్తున్నాడు, నేను వేస్తున్నాను. కాసేపటికి జనమంతా కార్మికులైపోయారు. ఇక్కడొకటి కావాలని ఒకరు, పైన పలక బిగించమని ఒకరు, అది వంగింది, సరిచెయ్యమని ఇంకొకరు. ఆడవాళ్లు సైతం చెప్పారు, భర్తలు రోజూ ఇంట్లో చెప్పే మాటలన్నీ వాళ్లకు కంఠతా వచ్చు. నేను అందంగా దిద్దుకున్న ముఖాల మీదుగా, గిటార్ల మీదుగా లావు మొద్దులు లేచాయి. నా బొమ్మను నేనే పాడు చేసుకుంటున్నానని ఒక చెయ్యి ఏడుస్తూనే ఉంది, రెండో చెయ్యి వేస్తూనే ఉంది. పదకొండు ప్రాపులు.

అయిపోయాక కాక మెట్లెక్కి వచ్చాడు. బాయిలో కప్పు గట్టిదో కాదో కర్రతో తట్టి, చప్పుడు విని తెలుసుకుంటారు. ఆయన చేతి కర్ర ఎత్తి పరదా మీది కప్పును మెల్లగా తట్టాడు. చెవి ఒగ్గి విన్నాడు. గుడ్డ ఏం చప్పుడు చేస్తుంది? అయినా మైదానంలో ఒక్కరూ నవ్వలేదు. ఇంకో చోట తట్టాడు, మళ్లీ విన్నాడు. అప్పుడు పిల్లల వైపు తిరిగి, "ఇగ వాయించుండ్రి బిడ్డా," అని దిగి వెళ్లి తన చోట కూర్చున్నాడు.

వాళ్లు అట్లా వాయించడం నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద నా బొమ్మే, మనుషులు సగం కనబడితే మొద్దులు నిండుగా కనబడ్డాయి. అది రాక్ పాటల క్యాసెట్టా కట్టెలు అమ్మే అడితా అని దుకాణాల్లో నవ్వుకున్నారట, నవ్వుకోనీ. ప్రోగ్రాం అయిన మరుసటి వారం కాక ఆఫీసరు సాబును అడిగి నన్ను బాయిలోకి తీసుకుపోయాడు. ఒక ప్రాపు మీద నా చెయ్యి పెట్టించి, బరువు ఎక్కువైతే కట్టె మూలుగుతుందనీ, ఆ మూలుగు వినబడితే ఉరకాలనీ చెప్పాడు. అరచేతికి తగిలిన ఆ సన్నని అదురు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది.

కాక పోయి చాలా కాలమైంది. ఆయన దిగిన బాయి మూతపడింది, మూతికి గోడ కట్టేశారు. ఇప్పుడు ఆ పక్కనే నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు. ఆకాశమే కప్పు అయినచోట టింబర్‌మన్‌కు పనేముంది? మంచిదే, కప్పులు కూలి మనుషులు పోకూడదు, ఆ రోజులు మళ్లీ రావాలని నేను కోరను. నాకున్న బాధ వేరే. తర్వాత నేను బొమ్మలు చాలా వేశాను, సన్మానాలు చేశారు, శాలువాలు కప్పారు, బాగున్నాయని అనని మనిషి లేడు. బాగుందని వినగానే ఏదో మిగిలిపోయినట్టు ఉండేది. కుంచె కింద పెట్టే ముందు ప్రతిసారీ అప్రయత్నంగా వెనక్కి తిరిగి చూసేవాణ్ని. నేను గీసిన మనుషులు అక్కడ క్షేమంగా నిలబడగలరా అని అడిగేవాడు జనంలో లేచి నిలబడతాడేమోనని. ఎవరూ లేవలేదు.