అడవి మొదట్ల రెండు మేకులు

మా లైన్ల కాక దవాఖానల చనిపోయి ఇరవై రోజులాయె. ఆ మాట చెప్పనీకి ఆయిన భార్య సిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నాకు ముందుగాల ఏడుపు రాలే, కోపమొచ్చింది. అప్పటికి రెండు నెలల సంది మా ఇద్దరికి మాటల్లేవు. ఆ పంచాయితి తెగకముందే పోవుడేంది?

కాక నాకు సుట్టం కాదు. గోదావరిఖనిల మా పక్క క్వార్టర్ ఆయినెది. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిల పని చేసిండు. రిటైరైనంక అందరు మనుమలను ఆడిపిస్తరు, ఈయిన అడవి పట్టిండు. "ముప్పై ఏండ్లు నెత్తి మీది లైటు వెలుగుల బతికిన రా. ఇగ ఎండల నడుస్త," అన్నడు. నడిస్తే నడువు, నడుమ నన్నెందుకు గుంజుడు? ఆదివారం పొద్దుగాల ఐదింటికే మా తలుపు కొట్టేటోడు, "ఫస్టు షిఫ్టు, లే!" అని. వర్క్‌షాపుల ఫిట్టర్ను నేను. నాకున్నదే ఒక్క ఆదివారం.

గోదావరి దాటి, చెక్‌పోస్టుల పేర్లు రాయించి, చీటీ తీస్కొని లోపలికి పోవాలె. "సర్కారు అడవంటే మనందరిది, అందుకే అడిగి పోవాలె," అనేటోడు. పోయినంక అదేమన్న నడకనా? పది అడుగులకోపారి ఆగుడు. దుప్పి అడుగు కనబడితే కూసునుడు. బండ నీడకు కూసుందామంటె ముందు కట్టెతోని ఆ బండను కొట్టి వినాలె, డొల్లగ మోగితే అక్కడ కూసోవద్దు. బాయిల పైకప్పును గట్లనే చూసేటోళ్ళట. ఓ కాకా, ఇన్నొద్దులు పడని బండ ఇయ్యాల నా నెత్తి మీదనే పడ్తదా అని మొత్తుకుంటె, "బాయిల గూడ గట్లనే అన్నోళ్ళున్నరు," అని ఇంకోసారి కొట్టేటోడు. వాగుల పడవెక్కితే ఇంకో తిప్పల. తెడ్డు నేనే వెయ్యాలె, సప్పుడు మాత్రం రావద్దు. నీళ్ళల్ల తెడ్డేస్తె సప్పుడు రాకుంట ఎట్లుంటది, మీరే చెప్పుండ్రి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలె. ఓ పొద్దుగాల మంచుల, మా పడవకు గింత దూరంల ఎలుగు, దాని పిల్ల నీళ్ళకొచ్చినయి. కాక నా చెయ్యి గట్టిగ పట్టుకున్నడు. పుట్టి పెరిగిన కాన్నే ఇంత లోకమున్నదని నాకు చూపినోడు ఆ మనిషే.

అన్నిటికన్న పెద్ద తిప్పల బిళ్ళది. బాయిలకు దిగెటప్పుడు ఎవరి నంబరు బిళ్ళ వాళ్ళు పైన మేకుకు తగిలిచ్చి పోతరు, ఎక్కినంక తీస్కుంటరు. బిళ్ళ మిగిలిందంటె మనిషి లోపలున్నట్టు. అడవికి గూడ అదే రూలు పెట్టిండు కాక. నాతోనే రెండు ఇత్తడి బిళ్ళలు కోయించి, అడవి మొదట్ల చాయ్ హోటల్ గుంజకు రెండు మేకులు కొట్టిండు. ఎవరి బిళ్ళ వాళ్ళే తియ్యాలె. తీసి, "వచ్చిన!" అని గట్టిగ అనాలె. చాయ్ తాగేటోళ్ళు నవ్వేటోళ్ళు. నేను సిగ్గుతోని సచ్చేటోన్ని.

ఆ ఆదివారం నీటికుక్కలు చూపిస్తనని వాగు ఒడ్డున మూడు గంటలు కూసోపెట్టిండు. ముసురు పట్టింది, ఒక్కటంటె ఒక్కటి రాలే. మాట్లాడొద్దు, దగ్గొద్దు. నాకు ఒళ్ళు మండింది. కాక నీళ్ళ దిక్కు చూస్తుండంగ చెప్పకుంట లేసి, అడ్డదారిన రోడ్డెక్కి, ఆటోల ఇంటికొచ్చిన. బిళ్ళ యాదికే రాలే. కాక హోటల్ కాడికొచ్చి నా బిళ్ళ చూసిండు. అక్కడ ఫోన్లు కలువయి. మళ్ళ లోపలికి పోయి, ఆ వానల నా పేరు పట్టి ఒర్లుకుంట పొద్దు గూకేదాక తిరిగిండు. డెబ్బై ఏండ్ల మనిషి! నేనేమో బువ్వ తిని టీవీ చూస్తున్న.

తన బిళ్ళ తీస్కొని, మా ఇంటికొచ్చి నన్ను చూసి తలుపు కాడనే కూలబడ్డడు. "బతికున్నవా," అన్నడు. తప్పయింది కాకా అంటె అయిపోయేది. నా నోరు ఊకుంటదా? "నేనేమన్న సంటి పోరన్నా? నీ బిళ్ళేంది, నీ పిచ్చేంది?" అన్న. కాక మెల్లగ లేసిండు. "పోయి నీ బిళ్ళ తీస్కో. అప్పటిదాక నాకు నువ్వు లోపలున్నట్టే," అని ఎల్లిపోయిండు. నేనూ మొండికేసిన. పోలే.

గుండె అన్నరు దవాఖానల. వానకు సంబంధం లేదన్నరు. రెండుసార్లు అడిగిన. "పండుకున్న మంచం మీద గూడ, వాడు బిళ్ళ తీస్కున్నడా అనే అడిగిండు," అన్నది సిన్నమ్మ దినాలప్పుడు.

మొన్న ఆదివారం ఒక్కన్నే పోయిన. ఇన్ని వానలకు నా బిళ్ళ నల్లబడి ఉంటదనుకున్న. తళతళ మెరుస్తున్నది.

"కాక ప్రతి ఆదివారం బస్సుల వచ్చేటోడు," అన్నది హోటల్ అక్క. "నా దగ్గర ఇంత చింతపండు అడిగి, మేకుకున్న నీ బిళ్ళను తియ్యకుంటనే దాంతోని రుద్దేటోడు. తీస్కపోయి ఇయ్యరాదే కాకా అంటె, వాడే తియ్యాలె అనేటోడు. అడవిలకు మాత్రం పోలే. వాని లెక్క తేలకుంట నేను పోను అని, చాయ్ తాగి ఎల్లిపోయేటోడు."

ఇసొంటి మనిషితోని ఎట్ల ఏగాలె చెప్పుండ్రి!

బిళ్ళ తీసిన. "వచ్చిన కాకా!" అని గట్టిగ అన్న. ఈసారి ఎవ్వరు నవ్వలే. గుంజకు రెండు మేకులు ఖాళీగున్నయి. కాక లెక్కల, అడవిల ఇగ ఎవ్వరు లేరు.