కడప కర్ర పిలిచిన రాత్రి

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని మా కామాటిపురా గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎలుకను చూసొచ్చి పందికొక్కు అంటాను. నిజంగా పందికొక్కే కనబడితే ఏమంటానో మీరే ఊహించుకోండి. ఇది కూడా అలాగే వినండి. సగం తీసేయండి. కావాలంటే మిగిలినదాంట్లో మళ్ళీ సగం తీసేయండి. అయినా అడుగున ఒక ముక్క మిగులుతుంది... ఆ ముక్క మాత్రం జరిగింది. నన్ను పెంచిన అవ్వ మీద ఒట్టు. ఆమె మీద అబద్ధపు ఒట్టు వేసే ధైర్యం నాకు ఆమె బతికుండగా లేదు, పోయాక అసలే లేదు.

ఎనభైల్లో మాట. గ్రాంట్ రోడ్ దగ్గర ఫర్నిచర్ దుకాణంలో పాలిష్ పని చేసేవాణ్ని. ఉండేది కామాటిపురాలో, మా తెలుగువాళ్ళ చాల్‌లో, పై అంతస్తులో ఒక ఖోలీ, అంటే ఒంటిగది. అందులో నేను, అవ్వ. తర్వాత నేను, అవ్వ రేడియో. ఖోలీ ఎంత చిన్నదంటే కాళ్ళు చాపి పడుకుంటే పాదాలకు వరండాలో వాళ్ళు దండం పెట్టుకుని పోయేవాళ్ళు.

వరండా ఆ చివర సాయిలు ఉండేవాడు. సెంట్రింగ్ పని. నాకు స్నేహితుడంటే వాడొక్కడే. మా ఇద్దరికీ ఒకటే పిచ్చి, కరెంటు గిటారు. కొనే స్తోమత లేదు గనక చేసుకుందామనుకున్నాం. నా చేతిలో చిత్రిక, వాడి చేతిలో రంపం. మా మొదటి గిటారును చూసి పక్క ఖోలీ లచ్చక్క కుట్టుమిషన్ ఆపి మరీ నవ్వింది.

"గిదేందిరా, బట్టలుతికే బండ లెక్కున్నది. తీగలెందుకు గట్టిన్రు, ఆరేసుకోనీకా?"

బండే కావచ్చు. కానీ మోగింది. మా సాయిలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని వాయిస్తుంటే కింద గల్లీలో జనం ఆగి పైకి చూసేవాళ్ళు. తిట్టడానికే అనుకోండి. అయినా ఆగేవాళ్ళు.

ఇక్కడ మా అవ్వ సంగతి ఒకటి చెప్పాలి. ఆమెకొక నియమం ఉండేది. "రాత్రిపూట ఎవలన్న ఒక్కసారి పిలిస్తె పలకకు బిడ్డా. రెండుసార్లు పిలిచినా పలకకు. గాలికి మూడోసారి పిలిచే ఓపిక ఉండది. మూడుసార్లు పిలిచినోడే మనిషి." ఇది పాలమూరు నుంచి మూటలో కట్టుకొచ్చిన నియమం. రాత్రి ఒక్కటే కాదు, ఆమె భయానికి నేను పట్టపగలు కూడా మూడో పిలుపుకే పలికేవాణ్ని. అందుకని సాయిలు కింద గల్లీలో నిలబడి, ఊపిరి తీసుకోకుండా, "బాలిగా... బాలిగా... బాలిగా" అని ఒకేసారి మూడూ పిలిచేసేవాడు. నా పేరు బాలరాజు. దుకాణంలో నేను 'ఏయ్ పాలిష్'. బాలిగా అని పిలిచినవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరే. ఒకరు అవ్వ. పోయింది.

రెండోవాడు మస్కట్ పోయాడు.

పోయేటప్పుడు ఆ బండ గిటారును పాత చద్దర్లో చుట్టుకుని చంకలో పెట్టుకున్నాడు. "బాలిగా, గిది నేను తీస్కవోతున్న. నువ్వు బేస్ గిటారు జెయ్. నేనొచ్చేసరికి మోగాలె. నేను పైన వాయిస్త, నువ్వు కింద గుమ్ముమనియ్. ఇద్దరమే సాలు. ఇంకెవ్వడొద్దు." అన్నాడు. వాడితో ఉన్న వాళ్ళమ్మ తిరిగి ఊరికి పోయింది. వాళ్ళ ఖోలీ యజమాని చేతికి వెళ్ళింది. అతను పాత తలుపూ, దాని చుట్టూ ఉన్న చౌకట్టూ పీకించి ఇనుప తలుపు పెట్టించాడు. పీకిన కర్ర వరండాలో పడేశారు. నేను చూశాను. నూరేళ్ళ టేకు. నా పాలిష్ కళ్ళకు అది బంగారపు ముద్దలా కనబడింది. రాత్రికి రాత్రి నా ఖోలీలోకి లాక్కొచ్చాను.

తలుపు పలకను కోసి బేస్‌కు ఒళ్ళు చేశాను. గొళ్ళెం ఊడిన రంధ్రంలోనే వాల్యూమ్ బిళ్ళ కూర్చుంది. ఇక మెడ. బేస్‌కు మెడ పొడుగ్గా ఉండాలి, తీగల లాగుడుకు వంగకూడదు. చౌకట్టులో అంత గట్టి కర్ర ఒక్కటే ఉంది... కడప. మీరు గడప అంటారు, మేం కడప అంటాం. సాయిలు వాళ్ళమ్మ రోజూ పసుపు రాసిన కడప.

లచ్చక్క ఆ రోజు నవ్వలేదు. "కడప మీద కాలే వెట్టం. నువ్వు రంపం వెట్టినవ్" అంది. తిరిగి మిషన్ తొక్కుకుంది. దానికే నాకు భయమేసింది. ఆవిడ తిట్టకుండా ఊరుకున్నది ఆ ఒక్క రోజే.

ఎంత చిత్రిక పట్టినా ఆ పసుపు పోలేదు. పొట్టు ఎత్తినకొద్దీ లోపల ఇంకా పసుపే.

మెడ మీద స్వరాల మెట్లు ఎక్కడ కొట్టాలో తెలియదు. ఒక పెళ్ళిలో ఆర్కెస్ట్రావాడు భోజనానికి లేవగానే వాడి బేస్‌ను దారంతో కొలిచి, మెట్టు మెట్టుకూ ఒక ముడి వేసుకున్నాను. వాడొచ్చి చూసి "జాకెట్ కుడ్తవా ఏంది దానికి?" అన్నాడు. ఆ ముడుల లెక్కన ఇత్తడి తీగ ముక్కలు దిగ్గొట్టాను. పైన తీగలకు స్కూటర్ క్లచ్ వైరు. వాయిస్తే వేళ్ళు తెగేవి గానీ గేరు మారేది కాదు, అదే తేడా.

అసలు గుండెకాయ తీగచుట్ట. తీగ కదిలితే దాన్ని కరెంటు చేసి పంపేది అదే. పాత స్పీకర్ల అయస్కాంతం ముక్కల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ చుట్టాలి. సాయిలు గిటారుకు చుట్టగా మిగిలిన తీగ కండె నా దగ్గరే ఉంది. అదే తీగను, లచ్చక్క మిషన్ మీద దారపు బాబిన్ చుట్టే చోట పెట్టి చుట్టాను. ఎంత చుట్టానంటే, దాన్ని విప్పితే మహబూబ్‌నగర్ దాకా పోయి, అక్కడ చాయ్ తాగి, చిల్లర తీసుకుని తిరిగి రావచ్చు.

ఫోరస్ రోడ్‌లో రేడియోలు బాగుచేసే మల్లేశన్న దాన్ని చేతిలో తిప్పి చూశాడు. ఒక మైనం ముద్ద కాగితంలో చుట్టి ఇచ్చాడు. "కరిగిచ్చి గిండ్ల ముంచు. లేకుంటె లోపల సుట్లు వదులుగుంటయ్. తీగ సప్పుడే కాదు, మాటలు గూడ ఇంటది గిది" అన్నాడు.

ముంచలేదు. తొందర.

తొందర ఎందుకంటే... సాయిలు దగ్గర్నుంచి కబురు ఆగిపోయి చాలా కాలమైంది. భివండీ నుంచి మా మామ, ఇక్కడ మగ్గాల దగ్గర నీకు పని చూశాను, ఖోలీ వదిలేసి వచ్చెయ్ అంటున్నాడు. ఖోలీ వదిలేస్తే, రేపు సాయిలు కింద నిలబడి పిలిస్తే పలికేవాడుండడు. ఉండిపోతే, రాని మనిషి కోసం ఒక్కడినే కూర్చోవాలి. ఎటూ తేలక ఒక పందెం వేసుకున్నాను. బేస్ మోగితే ఉంటాను. మోగకపోతే పొయ్యిలో పెట్టి తెల్లారి భివండీ బస్సెక్కుతాను.

ఆ రాత్రి వాన. మా చాల్ మొత్తం వర్లిలో మావాళ్ళ పెళ్ళికి పోయింది. వరండాలో ఒక్క దీపం లేదు. కుళాయి కింద బకెట్లో నీటిబొట్టు పడుతుంటే నాకు వినబడుతోంది... చుక్క... చుక్క... ఆ చాల్‌లో అంతవరకు నీటిబొట్టు చప్పుడు ఎవరూ విని ఉండరు.

అవ్వ రేడియోకు వెనకాల గ్రామఫోను తగిలించే రంధ్రాలున్నాయి. అందులో వైరు దూర్చాను. స్టేషన్లు రాని వైపు మీట తిప్పాను. బల్బులు మెల్లగా ఎర్రబడ్డాయి. స్పీకర్లో గుయ్ మని మొదలైంది. తీగ మీద చెయ్యి పెట్టాను, ఆగింది. తీశాను... గుయ్. అది మామూలే. మనిషి చెయ్యి తగిలితే ఆ రొద ఆగుతుంది. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

లావు తీగ లాగాను.

దుమ్మ్...

అటక మీద గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి. గల్లీ చివర మేక లేచి నిలబడి ఉంటుంది. మోగింది. కడప కర్ర మోగింది. "మోగింది" అని చెప్పడానికి గబుక్కున వెనక్కి తిరిగాను.

కుండ ఉంది. చాప ఉంది. అవ్వ ఫోటో ఉంది.

మళ్ళీ ముందుకు తిరిగాను. అంతకంటే ఏం చేస్తాను.

పాలిష్ పనివాడికి కర్ర కనబడితే వేలితో కొట్టి చూసే అలవాటు. బేస్ ఒంటి మీద వేలి కణుపుతో కొట్టాను. టక్. స్పీకర్లోంచి కూడా టక్. కానీ పెద్దగా... బోలుగా... అది గిటారు చప్పుడు కాదు. సాయిలు తలుపు చప్పుడు. రోజూ నేను కొట్టిన తలుపు. ఇంకోసారి కొట్టాను. టక్. మల్లేశన్న మాట గుర్తొచ్చింది. మైనం లేదు గనక వింటోంది, అంతే, అనుకున్నాను. నవ్వాను కూడా. నా నవ్వు స్పీకర్లోంచి తిరిగొచ్చింది. నవ్వడం ఆపేశాను.

చేతులు రెండూ పైకెత్తి నేలమీద జరిగి కూర్చున్నాను. గుయ్ మని రొద.

టక్.

నేను కొట్టలేదు.

అప్పుడు... రొద ఆగింది. రేడియో బల్బులు వెలుగుతూనే ఉన్నాయి. నా చేతులు గాల్లోనే ఉన్నాయి. రొద ఆగింది. తీగ మీద ఎవరో చెయ్యి పెట్టినట్టు. బయట వాన. లోపల స్పీకర్ గుడ్డ మెల్లగా ఉబ్బింది... ఊపిరి తీసుకున్నట్టు.

"బాలిగా..."

గొంతు దూరం. నీళ్ళ అవతలి నుంచి వచ్చినట్టు. నేను కదల్లేదు. నా చెమట నేలమీద పడిన చప్పుడు కూడా ఆ తీగచుట్ట విని ఉంటుంది. అవ్వ ఫోటో వైపు చూశాను. ఒకటి... పలకొద్దు.

చాలాసేపటికి, ఇంకొంచెం దగ్గరగా...

"బాలిగా..."

రెండు. పలకొద్దు. కానీ ఎంత పలకాలనిపించిందో. ఎన్నాళ్ళయిందో ఆ పేరు విని. మూడోది రా నాయనా, వస్తే చాలు, గాలివైనా సరే పలుకుతాను అనుకున్నాను. చెవి పెట్టి కూర్చున్నాను. కుళాయి చుక్క... చుక్క... మూడోది రాలేదు.

అప్పుడొక వంకర ఆలోచన వచ్చింది. అవ్వ పలకొద్దంది గానీ పిలవొద్దనలేదు కదా. మోకాళ్ళ మీద పాకుతూ పోయి తీగచుట్ట దగ్గర నోరు పెట్టాను. పసుపు వాసన వచ్చింది.

"సాయిలూ..." అన్నాను. స్పీకర్లోంచి నా గొంతే, ముసలివాడి గొంతులా.

"సాయిలూ..."

మూడోసారికి నోరు తెరిచాను. పిలవలేదు. తెరిచిన నోరు అలాగే ఉంది. రొద మెల్లగా మళ్ళీ మొదలైంది. గుయ్...

తెల్లారి లచ్చక్క పెళ్ళి నుంచి వచ్చి చూసేసరికి బేస్ ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నానట.

"పెండ్లి అక్కడైతె పిల్లను నువ్వు వట్టుకొచ్చుకున్నవా ఏంది" అంది.

మొత్తం చెప్పాను. ఆవిడ వినీ వినీ నా నుదురు పట్టుకు చూసి, "జొరం" అని తేల్చింది. భివండీ పోలేదు. మోగింది కదా, పందెం పందెమే.

చాన్నాళ్ళకు సాయిలు సెలవు మీద వచ్చాడు. పగలే. కింద నిలబడి మూడు పిలుపులు ఒక్క ఊపిరిలో పిలిచాడు. మెట్లు దిగానో దూకానో తెలియదు. పైకొచ్చి బేస్ మెడ తడిమాడు. పసుపు మచ్చ దగ్గర వేలు ఆపాడు. "అమ్మ కడప" అన్నాడు. కోపగించుకోలేదు. వాడి గిటారు మస్కట్‌లోనే ఉండిపోయింది, కాబట్టి కలిసి వాయించింది లేదు. ఊరికే కూర్చున్నాం. చాయ్ తాగుతూ తాగుతూ అన్నాడు.

"అరే బాలిగా, ఒక రాత్రి నన్ను పిలిచినవ్ రా నువ్వు."

నేను నా కప్పు కింద పెట్టాను.

"గోడకు తగిలిచ్చి ఉండె గిటారు. అందరు పండుకున్నరు. గిటారుల నుంచి వచ్చింది నీ గొంతు. రెండుసార్లు."

"పలికినవా?"

"మీ అవ్వ నాకు గూడ అవ్వనే గదా. మూడోది వస్తదని కూసున్న." కప్పు అడుగు చూశాడు. "రాలే."

"నువ్వు గద రా ముందు పిలిచింది నన్ను?"

"నేనా? నేనెందుకు పిలుస్త? నువ్వే షురు జేసినవ్."

వాడికి ఆటపట్టించే గుణం నాకంటే ఎక్కువ. నా కథ లచ్చక్క చెప్పి ఉంటుందని ఆవిణ్ని నిలదీశాను. "నాకు గదే పనా?" అంది. చాల్‌లో ఎవరికి కడుపొచ్చినా తల్లికంటే ముందు చాటేది ఆవిడే. కానీ ఆ రోజు సూదిలో దారం ఎక్కిస్తూ, నా కళ్ళలోకి చూసి, లేదంది. ఏం నమ్మాలి?

సాయిలు మళ్ళీ పోయాడు. ఈసారి కబురు అసలే లేదు. మస్కట్ నుంచి వచ్చినవాళ్ళలో ఒకడు అక్కడే ఉన్నాడంటాడు. ఇంకొకడు ఇంకేదో అనబోయి నన్ను చూసి మాట మారుస్తాడు.

మైనం ముద్ద ఇప్పటికీ కాగితంలోనే ఉంది. బేస్ గోడకు ఉంది. కొన్ని వానరాత్రులు వైరు తగిలించి, చేతులు రెండూ పైకెత్తి కూర్చుంటాను. గుయ్ మంటూనే ఉంటుంది. ఆ రాత్రి దాన్ని ఆపిన చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. రేడియో జబ్బో, నా జ్వరమో, నిజంగా గాలో... మీరు సగం తీసేసి చూసుకోండి.

మూడో పిలుపు మాత్రం నా దగ్గరే ఉంది. పిలవలేదు. రెండు పిలుపులకు సాయిలు పలక్కపోతే, మూడోదాని కోసం ఆగాడని అనుకోవచ్చు. అవ్వ నియమం పాటిస్తున్నాడని అనుకోవచ్చు. మూడోది కూడా పిలిచేశాక పలక్కపోతే... ఇంక అనుకోవడానికి ఏముంటుంది?