పేరు లేని బటన్లు

డెల్ఫిన్ పల్మారెస్ గది, మా షాపు పక్కపక్కనే ఉండేవి. మాది ఫ్లెక్సీలు అచ్చువేసే షాపు. ఎన్నికలు, పుట్టినరోజులు, జనవరిలో దినాగ్యాంగ్ జాతర ఉన్నంతకాలం మాకు పనికి లోటుండదు. అతను వ్యాపారాలకు వెబ్‌సైట్లు తయారుచేసేవాడు. మధ్యలో ఉన్నది ఉత్త ప్లైవుడ్ గోడ కావడంతో అతను ఫోనులో ఏం మాట్లాడినా నా చెవిన పడేది.

"మనిషి కన్ను ఎక్కువసేపు ఆగదు సార్. పేజీ తెరవగానే బొమ్మ పట్టుకోవాలి. బొమ్మ పట్టుకుందంటే మిగతాది దానంతటదే జరుగుతుంది," అనేవాడు. విని విని ఆ మాట నా నోటికి కూడా వచ్చేసింది.

ఫిలిప్పీన్స్‌లోని మా ఇలోయిలో ఊళ్లో ఆ రోజుల్లో వెబ్‌సైట్ కావాలంటే అతని పేరే చెప్పేవారు. బాచోయ్ సూప్ హోటళ్లవాళ్లు, పళ్ల డాక్టర్లు, గిమరాస్ దీవిలో కుటీరాలు అద్దెకిచ్చేవాళ్లు, చివరికి మొలో పేటలో శవపేటికలమ్మే పెద్దాయన కూడా అతని దగ్గరికే వచ్చారు. అతను ఏ కాలేజీలోనూ ఈ పని నేర్చుకోలేదు. ఇంటర్నెట్ కేఫ్‌లో పిల్లల ఆటలకి టైము చూసే ఉద్యోగం చేస్తూ, ఖాళీగా ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుని సొంతంగా నేర్చుకున్నాడు. అందమంటే అతనికి పిచ్చి. తెల్లటి పేజీ, నెమ్మదిగా జరిగే సముద్రం ఫోటోలు, వాటి కింద పొగలాంటి లేత బూడిద రంగు అక్షరాలు. మా షాపు ముందు వేలాడే ఎరుపూ పసుపూ చూసి, "మానంగ్, ఇవి చూస్తే నాకు జ్వరం వస్తుంది," అనేవాడు. వయసులో పెద్దదాన్ని కాబట్టి నన్ను మానంగ్ అని పిలిచేవాడు.

"జ్వరం వస్తే రానీ. వీధి చివర్నించి కనిపిస్తుంది, అది చాలు," అనేదాన్ని.

పేజీ కట్టి ఊరుకునేవాడు కాదు. వచ్చినవాణ్ని పోనివ్వకుండా పట్టుకునే సరంజామా అంతా తగిలించేవాడు. పేజీ తెరవగానే మీదపడి ఈమెయిల్ అడిగే చీటీ, మూలన కూర్చుని సాయం కావాలా అని పలకరించే చాట్ పెట్టె, ఎవరెక్కడ నొక్కారో ఎక్కడ విసుగెత్తి వెళ్లిపోయారో చూపించే పట్టికలు. ఆ చీటీని మూసే ఇంటూ గుర్తును మాత్రం కావాలనే సన్నగా, కనీకనిపించకుండా పెట్టేవాడు. "అది తొందరగా దొరికితే ఈమెయిల్ ఎవడిస్తాడు మానంగ్?" అని నవ్వేవాడు.

ఊళ్లోనే జారో పేటలో కంటి క్లినిక్ నడిపే డాక్టర్ విల్యారియెల్‌కు కూడా సైటు తయారుచేశాడు. అది చూపించడానికి వెళ్లిన రోజున, ఎడమ పక్కన పెట్టిన కాఫీ కప్పును మోచేత్తో తోసేశాడు. తుడిచి, మంచినీళ్లు తెచ్చి అక్కడే పెట్టారు. గ్లాసు కూడా అలాగే పడింది. డాక్టరమ్మ తెర చూడటం మానేసి అతని వైపు చూసింది.

"డెల్ఫిన్, ఈమధ్య గుమ్మాలకి కొట్టుకుంటున్నారా?"

"మా ఆవిడ అదే అంటుందండి. నేను కొంచెం పరధ్యానం మనిషిని."

"ఆ ల్యాప్‌టాప్ మూసేసి లోపలికి రండి."

నీటికాసుల జబ్బు. నొప్పి లేకుండా, చెప్పాపెట్టకుండా, పక్కచూపును అంచుల్నించి తినుకుంటూ వచ్చేసింది. పోయింది తిరిగిరాదని, మిగిలినదాన్ని కాపాడుకోవడానికే చుక్కల మందని ఆమె చెప్పింది. చుక్కలు వేసుకున్నాడు, ఆపరేషన్ చేయించుకున్నాడు. ఎడమ కన్ను ఆ వానాకాలంలోనే పోయింది. కుడి కన్ను కూడా దాని దారే పట్టింది.

చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ముక్కు తెరకి ఆనించి పనిచేసేవాడు. ఒకరోజు ల్యాప్‌టాప్ పట్టుకుని గోడ తడుముకుంటూ మా షాపులోకి వచ్చాడు.

"మానంగ్, ఈ నీలం సముద్రంలా ఉందా, నాచులా ఉందా?"

చూశాను. అక్కడ నీలమే లేదు. "బూడిద రంగులా ఉంది డెల్ఫిన్," అన్నాను. నేనేదో హాస్యమాడినట్టు నవ్వి, వెళ్లి తలుపు వేసుకున్నాడు.

అతని భార్య రోవెనా బేకరీలో కౌంటర్ దగ్గర పనిచేసేది. నెమ్మదైన మనిషి. అతను రోజంతా చీకటి గదిలో కూర్చుంటుంటే చూడలేక, మాల్‌లో మసాజ్ చేసే అంధుల్లో ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చింది. పేరు ఈపే. పుట్టు గుడ్డి. తెర మీద ఉన్నది చదివి వినిపించేలా ఫోనును వాడటం నేర్పడానికి వచ్చాడు. డెల్ఫిన్ గదిలో ఉక్కగా ఉంటుందని మా షాపులో ఫ్యాన్ కింద కూర్చునేవారు. మొదట్లో డెల్ఫిన్ ఫోను ముట్టుకోవడానికే ఒప్పుకోలేదు.

"కొత్త గుడ్డివాడివి కదా," అనేవాడు ఈపే. "కొన్నాళ్లు కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడతావు. తర్వాత మాలాగే అందరి కాళ్లూ తొక్కుతావు."

నేర్చుకున్నాడు. చేతికి కొంచెం పట్టు దొరగ్గానే అన్నాడు, "నేను చేసినవి విందాం."

గిమరాస్ కుటీరాల సైటు తెరిచాడు. ఫోను చదవడం మొదలుపెట్టింది. "బొమ్మ. బొమ్మ. ఐఎంజి నాలుగు సున్నా రెండు ఏడు. బొమ్మ. బటన్. బటన్. లింకు."

"ఏమిటది, లెక్కలు చెబుతోందా?" అన్నాడు ఈపే.

"అది సముద్రం."

"ఏది?"

"ఆ ఐఎంజి అన్నది. తెల్లారుతుండగా తీసిన ఫోటో. పడవలో ఓ ముసలాయన వల విదిలిస్తుంటాడు."

"అదేదో అదే చెప్పొచ్చు కదా మరి."

"చెప్పదు. నేను రాయలేదు."

ప్రతి బొమ్మ వెనకా దాని గురించి నాలుగు మాటలు రాసే చోటు ఉంటుందట. ప్రతి బటన్‌కీ పేరు పెట్టొచ్చట. అది డెల్ఫిన్‌కు మొదటినుంచీ తెలుసు. బయటికి కనిపించని మాటలు ఎవరికి కావాలని ఖాళీగా వదిలేసేవాడు.

తర్వాత కంటి క్లినిక్ సైటు తెరిచాడు. పరీక్షకు వెళ్లాల్సిన రోజు దగ్గరపడింది, తనే స్వయంగా టైము తీసుకుంటానన్నాడు. తెరవగానే ఈమెయిల్ అడిగే చీటీ అడ్డం పడింది. మూసే గుర్తుకు పేరు లేదు. తెరంతా వేలితో వెతికాడు. ఎలాగో దాన్ని దాటితే క్యాలెండర్ వచ్చింది. ఖాళీ ఉన్న రోజులు ఆకుపచ్చ, నిండినవి ఎరుపు. ఫోను అంకెలు మాత్రం వరసగా చదువుకుంటూ పోయింది. ఏదో ఒకటి నొక్కితే చాట్ పెట్టె తెరుచుకుంది.

"ఫోన్ చేసి అడుగుదాం డెల్," అంది రోవెనా.

"ఉండు."

"ఎంతసేపు ఉంటావు?"

"ఉండమన్నానా."

ఈపే చాలాసేపు విని, "ఇది జారో డాక్టరమ్మది కదూ? నేనూ ఆవిడ దగ్గరికే వెళ్తాను, కంటి నొప్పి వచ్చినప్పుడు. ఈ ముండమోసిన సైటులో ఎప్పుడూ టైము దొరకదు. ఎవరో ఒకర్ని బతిమాలుకుంటాను. ఎవడు కట్టాడో గానీ," అన్నాడు.

డెల్ఫిన్ వేలు ఫోను మీద ఆగిపోయింది. "నేనే."

ఈపే నవ్వలేదు. "పోనీలే. ఇప్పుడు నువ్వూ మాతోపాటు బయటే నిలబడ్డావుగా," అన్నాడు.

ఆ తర్వాత డెల్ఫిన్‌కు ఒకటే పట్టుదల. తను కట్టినవన్నీ బాగుచేస్తానన్నాడు. పైసా వద్దన్నాడు. రోవెనా చెయ్యి పట్టుకుని పాత ఖాతాదార్లందరి గడపా తొక్కాడు. బాచోయ్ హోటలాయన తనకిప్పుడు సైటే లేదని, ఫేస్‌బుక్ పేజీ చాలని చెప్పి, గిన్నెడు సూప్ తాగించి పంపాడు. పళ్ల డాక్టరు మేనల్లుడు రెడీమేడ్ పనిముట్టు ఏదో వాడి ఒక్క మధ్యాహ్నంలో కొత్త సైటు కట్టేశాడు. పాతది తీసేశారు. గిమరాస్ కుటీరాల యజమానురాలు మిసెస్ గలియా అంతా ఓపిగ్గా వింది.

"అది సరే డెల్ఫిన్, గుడ్డివాళ్లు సముద్రం చూడటానికి ఎందుకొస్తారు?" అని, అన్న తర్వాత నోటి మీద చెయ్యి వేసుకుంది.

"ఏం పర్లేదమ్మా," అన్నాడు డెల్ఫిన్.

ఆమె సంచీ నిండా మామిడిపళ్లు కోయించి ఇచ్చింది. ఆ పళ్లు వాళ్లింట్లో మగ్గి, నల్లబడి, పారెయ్యాల్సి వచ్చింది.

ఒప్పుకున్నది డాక్టర్ విల్యారియెల్ ఒక్కతే. "చెయ్యండి, ఎంతకాలం పట్టినా సరే," అంది.

ఆ ఏటి వానాకాలమంతా గోడవతల్నుంచి ఫోన్ల మాటలకు బదులు యంత్రం గొంతు వినిపించేది. కోడ్‌లో ఉన్న ప్రతి గీతనీ, ప్రతి చుక్కనీ అది పేరుపెట్టి చదివేది. ఒక కొటేషన్ గుర్తు ఎక్కడో తప్పిపోయిందని ఒకసారి పొద్దుటినుంచి భోజనాల వేళదాకా వెతికాడు. చూపున్నవాడికి అది రెప్పపాటు పని. ఫోటోల్లో ఏముందో నేను చూసి చెబితే అతను టైపు చేసేవాడు.

"డాక్టరమ్మ. నీలం కోటు. నవ్వుతోంది," అన్నాను.

"ఎలాంటి నవ్వు మానంగ్?"

"డాక్టర్ల నవ్వు. ఇంజెక్షన్ ఇచ్చే ముందు నవ్వుతారే, అది."

"అది రాయకూడదు."

"మరి ఎలాంటి నవ్వని అడిగావెందుకు?"

చాన్నాళ్ల తర్వాత అతను పకపకా నవ్వడం ఆ రోజు విన్నాను.

పని పూర్తయ్యాక ఈపేని పిలిచాడు. ఈపే మా షాపులోనే కూర్చుని, తన వేలితో తనే క్లినిక్‌లో టైము తీసుకున్నాడు. "మంగళవారం, ఉదయం, ఖాళీ ఉంది," అని ఫోను చదివింది. ఈపే మళ్లీ వెనక్కి జరిపి ఆ మాట ఇంకోసారి విన్నాడు. ఇంకోసారి కూడా విన్నాడు. ముక్కు తుడుచుకుని, "బాగానే చెప్పిందే," అన్నాడు. డెల్ఫిన్ మొహం వెలిగిపోయింది. ఆ సాయంత్రం మా అందరికీ తనే బాచోయ్ తెప్పించాడు.

ఆ సంతోషం కొత్త సంవత్సరం దాకా కూడా నిలవలేదు. డాక్టరమ్మ వయసు మీదపడి, క్లినిక్‌ను మనీలాలోని ఓ పెద్ద సంస్థతో కలిపింది. వాళ్లు తమ క్లినిక్‌లన్నిటికీ ఒకే అచ్చులో సైట్లు పోసేశారు. ఆ సంగతి డెల్ఫిన్‌కు క్లినిక్‌వాళ్లెవరూ చెప్పలేదు. చెప్పింది ఈపే. మాల్ నుంచి ఫోన్ చేసి, "డెల్ఫిన్, మళ్లీ బటన్ బటన్ అంటోంది," అన్నాడు.

డెల్ఫిన్ తెరిచి విన్నాడు. తను రాసిన మాట ఒక్కటి లేదు. చీటీలు ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి రెండు వచ్చి పడుతున్నాయి.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె దాచలేదు. "వాళ్లు కాగితం పెట్టారు, నేను సంతకం చేశాను. మీ పని సంగతి నాకు గుర్తే రాలేదు డెల్ఫిన్. నన్ను క్షమించండి," అంది. మనీలాకు రాయమని చిరునామా ఇచ్చింది. రాశాడు. 'మీ సూచన నమోదైంది, ధన్యవాదాలు' అని జవాబొచ్చింది. మళ్లీ రాస్తే మళ్లీ అదే జవాబు. మూడోసారి రాస్తే, పంపీపంపకముందే వచ్చిపడింది. అది రాసింది మనిషి కాదని అతనికి అప్పుడర్థమైంది. అలాంటి జవాబుల పెట్టెలు ఈ ఊళ్లో మొదట తగిలించినవాడు అతనే.

గోడవతల సద్దు లేకపోయేసరికి వెళ్లి చూశాను. కుర్చీ తిప్పుకుని, బల్లకి వీపు పెట్టి కూర్చున్నాడు.

"చాలా అందంగా ఉందట మానంగ్. రోవెనా చూసి చెప్పింది. నాకన్నా బాగా చేశారట."

"మళ్లీ రాయి. పేపరువాళ్లకి చెబుదాం."

"ఏమని చెప్పను? వాళ్లని తిట్టడానికి నాకు నోరు రావడంలేదు. ఇన్నేళ్లు నేను చేసిందీ అదే. కళ్లు బాగుండుంటే ఇప్పటికీ అదే చేస్తుండేవాణ్ని."

మా షాపుకు తిరిగొచ్చి ఫ్లెక్సీలు మడతపెట్టుకుంటూ కూర్చున్నాను.

నెల తిరక్కుండా గది ఖాళీచేశాడు. అందులో ఇప్పుడు మిల్క్ టీ అమ్ముతున్నారు. కుడి కంట్లో మిగిలిన కాస్త వెలుగు కూడా పోయింది. ఈపే పట్టుబట్టి అతన్ని మాల్‌లో మసాజ్ పనికి తీసుకెళ్లాడు. జీవితమంతా మీటలు నొక్కిన వేళ్లు, వాటిలో బలమెక్కడిది? భుజాలు, నడుము అతనికి ఇవ్వరు, పాదాలు మాత్రమే. ఎవరూ రాని రోజున గోడవారగా కుర్చీల వరసలో కూర్చుని ఉంటాడు. కంప్యూటర్ అమ్మేశారు. ఇంట్లో ఆ ఫోను గొంతు వినిపించనివ్వడని, ఎవరైనా ఆ పాత పని ఊసెత్తితే లేచి వెళ్లిపోతాడని రోవెనా చెప్పింది.

ఒకసారి ధైర్యం చేసి వెళ్లాను. వరసలో నా వంతు అతనికే వచ్చింది. కుర్చీలో కూర్చుంటూ, "ఈ కాలు కొంచెం వాచింది," అన్నాను. ప్లైవుడ్ గోడ అవతల్నుంచి అతను అన్నేళ్లు విన్న గొంతు నాది. అతని చేతులు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత నూనె రాసి, మొదలుపెట్టాడు.

"గట్టిగా నొక్కుతున్నానా మేడమ్?" అని అడిగాడు.

"లేదు, బాగుంది," అన్నాను.

ఆ రాత్రి అన్నం దగ్గర, "మానంగ్ వచ్చింది," అన్నాడట రోవెనాతో. ఏమందని ఆమె అడిగితే, కాలు వాచిందట అని చెప్పి, కంచం ముందుకు తోసి లేచిపోయాడట.