ఫోటోల లీడర్ ఉన్నడా?

మా పత్రికలో సికింద్రాబాద్ పేజీ చూసే సారు, ఏ వార్త తీసుకెళ్లినా కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి ఒకటే అడిగేవాడు: "ఫోటోల లీడర్ ఉన్నడా?"

లాలాగూడ నల్లాల్లో మురుగునీళ్లు వస్తున్నాయని, బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ల ఫోటో తెచ్చాను.

"గిది ఎవరు చూస్తరు? లీడర్ వచ్చినంక తీస్కరా" అన్నాడు.

లీడర్ రాలేదు, వార్తా రాలేదు. లాలాగూడ ఆ నీళ్లే తాగింది. రెజిమెంటల్ బజార్‌లో లీడర్ రిబ్బన్ కత్తిరించిన బట్టల షాపు మాత్రం సగం పేజీ నింపింది.

పోయినేడు సారు చనిపోయాడు. సంతాప సభలో రెండు ఫోటోలు తీశాను. ఒకదాంట్లో సారు పటం, పక్కన ఏడుస్తున్న ఆయన భార్య. రెండోదాంట్లో పటానికి దండ వేస్తూ కెమెరా వైపు తిరిగిన లీడర్. లీడర్ భుజం వెనక సారు ముఖం కనిపించదు.

తెల్లారి సారు పేజీలో రెండోదే వచ్చింది.