చేతికివ్వని కత్తి

మధ్యాహ్నం రెండు దాటాక పోస్టుకు చేరాం. కాశ్మీరు కొండ మీద, కాల్పుల విరమణ రేఖకు ఇవతల, నాలుగు బంకర్లు. మోకాలి లోతు మంచు. వీపున సంచి, రైఫిలు, రెండు కంబళ్లు. యుద్ధం ఆగి కొన్నేళ్లయింది. మా ఊరి వైపు, ఆస్పరి ఎండలో పెరిగిన ఒళ్లు నాది, మొదటి రోజే పెదాలు పగిలాయి.

హవల్దారు ఆర్డర్లు చెప్పాడు. పొద్దున ఆరు నుంచి పది దాకా కాపలా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా. తాడు పట్టుకోకుండా ఊట దగ్గరికి పోకూడదు. ఆయన హిందీ నాకు సగమే అర్థమైంది. పోస్టంతా అదే భాష. చలికాలమంతా తెలుగు వినకుండా ఎట్లారా దేవుడా అనుకుంటూ వంట బంకర్లోకి దూరాను.

లాంగ్రీ, అంటే మా వంటవాడు, ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. చేతిలోది బాకు. యుద్ధంలో ఎవరు పారేసుకున్నారో, బంకరు మట్టిలో దొరికిందట. మొన విరగ్గొట్టి, పిడికి నూలు చుట్టుకున్నాడు. ఆ నూలు ముడి మా వైపు మగ్గాల దగ్గర చూసినదే. తెలుగులోనే అడిగాను.

"మీది యా ఊరప్పా?"

అతని చెయ్యి ఆగింది. "ఎమ్మిగనూరు. నీది?"

"ఆస్పరి పక్కన."

అతను కళ్లు తుడుచుకున్నాడు, ఉల్లిగడ్డల మీద నెపం పెట్టి. నాకైతే నిజంగానే ఏడుపొచ్చింది.

నేనూ కోస్తానని చెయ్యి చాపితే కత్తి ఇవ్వలేదు. బండ మీద పెట్టి తీసుకోమన్నాడు.

"సేతికిస్తే కొట్లాటొస్తాది. మా అక్క కత్తెర సేతికిచ్చింది. ఆ మాపటికే కొట్లాడి మిలట్రీకి వచ్చేసినా. అయిదేండ్లాయ మాట్లాడక."

మా ఇంట్లోనూ ఆ పట్టింపు ఉంది. అయినా నవ్వాను. అతను నవ్వలేదు. తల్లి పోతే అక్కే పెంచిందట.

"సెలవు దొరికితే ఇది తీసకపోయి ఆయమ్మ ముందర పెడతా. మగ్గం మింద చీర కోసేకి పనికొస్తాది. ఎత్తుకునిందంటే కోపం పోయినట్టే."

అప్పటి నుంచి కాపలా దిగగానే ఉల్లిగడ్డలు నావి, రొట్టెలు అతనివి. కోస్తూ జొన్నరొట్టె గురించి, గోంగూర గురించి, మా ఎండల గురించి మాట్లాడుకునేవాళ్లం. కత్తి బండ మీద పెట్టేవాడు, నేను తీసుకునేవాణ్ణి.

ఫిబ్రవరిలో ఒక పొద్దున నీళ్లకు పోయాడు. తాడు పట్టుకునే పోయాడు. పైనుంచి మంచు చరియ జారింది. తాడూ పోయింది, అతనూ పోయాడు. వైర్లెస్ జవాను కింది పోస్టును పిలిచి, మనిషి కనిపించడం లేదు, సాయం పంపమన్నాడు.

"లాంగ్రీ లాపతా. మదద్ భేజో."

"రాస్తా బంద్. ఇంతెజార్ కరో."

దారి మూసుకుపోయింది, ఆగమని కింది నుంచి జవాబు. చీకటి పడేదాకా మేమే పారలతో తవ్వాం. దొరకలేదు. వంట బంకర్లోకి వస్తే బండ మీద కత్తి ఉంది, నా కోసం అతను పెట్టి పోయినది.

మంచు కరిగాక శవం దొరికింది. ఆ కొండ మీదే దహనం చేశాం. కత్తి నన్ను ఉంచుకోమన్నాడు హవల్దారు. సెలవు వచ్చేదాకా నాతో తెలుగు మాట్లాడినవాడు లేడు. కాపలాలో నాలో నేనే మాట్లాడుకునేవాణ్ణి. ఒంటరితనం ఎంత పాడుదో అప్పుడు తెలిసింది.

ఆదోనిలో రైలు దిగాను. పత్తి బండ్లు దాటుకుని బస్సెక్కి ఎమ్మిగనూరు చేరాను. అతని అక్క గుంతమగ్గంలో కూర్చుని ఉంది. కబురు ముందే అందింది. నేను ఎవరో చెప్పాను. కత్తి సంగతి, అతను అనుకున్నది, అంతా చెప్పాను. ఆమె పిడి మీది ముడినే చూస్తూ ఉంది.

"ఆ ముడి నేను నేర్పిచ్చిందే" అంది.

కత్తి ఆమె ముందర నేల మీద పెట్టబోయాను. ఆమె చెయ్యి చాపింది.

"సేతికే ఇయ్యప్పా."

"కొట్లాటొస్తాదంటారు కదక్కా."

"రానీ. ఇంగ నాతో కొట్లాడనీకి ఎవరుండారు?"

ఇచ్చాను. ఆ తర్వాత చాలా పోస్టులు తిరిగాను, చాలా చూశాను. నూలు రంగు అంటిన ఆ అరచెయ్యి, కత్తి కోసం నా ముందు చాచిన ఆ చెయ్యి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు.